లక్షలోపు ల్యాప్‌టాప్: నా ఆత్రం, తమ్ముడి బీటెక్, నాలుగు దారులు

మా పాత ల్యాప్‌టాప్ తెరవాలంటే రెండు చేతులూ కావాలి. ఎడమవైపు హింజ్ విరిగి ఏడాది దాటింది. మూత మెల్లగా ఎత్తి, వెనక ఒక నిఘంటువు ఆనించి, అది జారకుండా మంచినీళ్ల సీసా అడ్డం పెడితే తప్ప స్క్రీన్ నిలబడదు. బాగుచేయిద్దామని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే పై భాగమంతా మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన రేటు విని, బయట ఒక టీ తాగి ఇంటికొచ్చేశాను.

నిజం చెప్పాలంటే లోలోపల సంతోషమే వేసింది. కొత్తది కొనడానికి ఇంట్లో చెప్పుకోదగ్గ కారణం దొరికింది కదా! ఆరేళ్లుగా చుట్టాలందరికీ ల్యాప్‌టాప్‌లు ఎంచిపెడుతున్నాను గానీ నాకోసం ఒక్కటీ కొనుక్కోలేదు. ఇక ఆ మూడు వారాలూ పెళ్లిచూపుల సంబరమే. రాత్రి ఒంటిగంట దాకా రివ్యూలు, పొద్దున లేవగానే ధర ఏమైనా తగ్గిందా అని చూసుకోవడం. "మన పెళ్లప్పుడు కూడా మీరింత హడావుడి పడలేదు" అంది మా ఆవిడ.

ఇంతలో బాబాయి ఫోన్. "ఒరేయ్, తమ్ముడికి కంప్యూటర్స్‌లో సీటొచ్చింది. 75 వేలు పెడతాను, మంచిది చూసిపెట్టు. వాడి మాట మాత్రం వినకు." రెండు నిమిషాలకి తమ్ముడు: "అన్నా, ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డు ఉన్నదే కావాలి. నాన్నకి చదువుకే అని చెప్పు."

అలా లక్ష రూపాయల బడ్జెట్ నాది, 75 వేలది వాడిది. రెండూ కలిపి వెతికాను కాబట్టి రాయడానికి ఇంత సరుకు దొరికింది. "ఏది మంచి ల్యాప్‌టాప్?" అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. నేను మాత్రం ఎవరు అడిగినా ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. రోజులో ఎంతసేపు ప్లగ్ పాయింట్‌కి దూరంగా పనిచేస్తారు? ఏ సాఫ్ట్‌వేర్ లేకపోతే మీకు పని జరగదు? ఈ రెండింటికీ జవాబొస్తే సగం మోడళ్లు వాటంతటవే పక్కకి పోతాయి.

ముందు స్టిక్కర్ చదవడం

షాపులో అడుగుపెట్టగానే వినిపించేది "ఐ7 సార్, తిరుగులేదు". ఇంటెల్ ప్రాసెసర్ పేరులోని ఆ ఒక్క ముక్క మీద పది వేలు ఎక్కువ పెట్టినవాళ్లని చాలామందిని చూశాను. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లలో రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అని రెండు చిప్‌లున్నాయి. స్టిక్కర్ మీద రెండూ రైజెన్ 5, రెండూ 7000 సిరీసే. కానీ మూడో అంకె చూడండి. అక్కడ 2 ఉంటే లోపలున్నది జెన్ 2, అంటే 2019 నాటి డిజైన్. 7520యూలో కోర్లు (పని పంచుకునే భాగాలు) నాలుగే. 3 ఉంటే జెన్ 3. 7530యూలో కోర్లు ఆరు. ఒక్క అంకెలో అంత తేడా. షాపువాళ్లు చెప్పరు, చాలామందికి తెలియదు కూడా.

ఇంటెల్ సంగతీ అంతే. 2023 డిసెంబర్‌లో కోర్ అల్ట్రా వచ్చినప్పటి నుంచి కొత్త పేర్లలో 'ఐ' తీసేశారు. ఇప్పుడు అల్ట్రా అన్న మాట లేకుండా కోర్ 5 210హెచ్, కోర్ 7 240హెచ్ లాంటివి కనిపిస్తే అవి 13వ తరం డిజైన్‌కి కొత్త చొక్కా తొడిగినవే. చెడ్డవని అనడం లేదు, తగ్గ ధరకి వస్తే బ్రహ్మాండంగా పనిచేస్తాయి. కొత్త తరం రేటు పెట్టి మాత్రం కొనొద్దు. చివరి అక్షరం కూడా చూడాలి. యూ అంటే 15 వాట్ల తరగతి, హెచ్ అంటే 45 వాట్ల తరగతి. బరువైన పని చాలాసేపు చేయిస్తే ఐ7 యూ కంటే ఐ5 హెచ్ ముందుండటం మామూలే. బ్యాటరీ విషయంలో లెక్క తిరగబడుతుంది.

తమ్ముడు అడిగిన దారి: గేమింగ్ ల్యాప్‌టాప్

నేను వెతికేటప్పుడు 75 వేలకి సేల్‌లో ఆర్‌టీఎక్స్ 4050 ఉన్నది దొరికేది. లెనోవో లాక్, హెచ్‌పీ విక్టస్, ఏసర్ నైట్రో, ఆసుస్ టఫ్ ఈ వరసలోవే. అన్నిట్లో 4050 అనే రాసి ఉంటుంది గానీ అన్నీ ఒకటి కాదు. ఆ గ్రాఫిక్స్ చిప్‌కి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఇచ్చుకోవచ్చని దాన్ని తయారుచేసే ఎన్విడియా, ల్యాప్‌టాప్ కంపెనీలకే వదిలేసింది. 50 వాట్ల 4050, 100 వాట్ల 4050 పక్కపక్కన పెట్టి ఆట ఆడిస్తే అన్నదమ్ముల్లా కాదు, తాతామనవళ్లలా ఉంటాయి. కంపెనీ సైట్‌లో టీజీపీ (గ్రాఫిక్స్‌కి ఇచ్చే వాట్లు) అనే మాట వెతకండి. ఆ అంకె రాయకుండా దాచారంటే అనుమానించాల్సిందే. వీడియో మెమరీ 4050లో 6 జీబీ, 4060లోనూ 2025లో వచ్చిన 5050, 5060ల్లోనూ 8 జీబీ. ఈ ధరల్లో 2050 అని ఇంకోటి కూడా తగులుతుంది, దాంట్లో 4 జీబీయే. పేరు దగ్గరగా ఉంది కదా అని మోసపోకండి.

ఇప్పుడు ప్లగ్ ప్రశ్న. ఇలాంటి ల్యాప్‌టాప్ రెండుంపావు కిలోలు తూగుతుంది, ఛార్జర్ ఇంకో అరకిలో పైన. బ్యాటరీ మీద మామూలు పని చేస్తే మూడు నాలుగు గంటలు, ఆట ఆడితే గంట చాలు. పైగా ప్లగ్ తీయగానే గ్రాఫిక్స్ శక్తి బాగా పడిపోతుంది. అంటే ఇది పేరుకి ల్యాప్‌టాప్, నడకకి డెస్క్‌టాప్. హాస్టల్ రూమ్‌లో మంచం పక్కనే పెట్టి వాడుకునేవాడికి పరవాలేదు. రోజూ బస్సులో కాలేజీకి మోసుకెళ్లేవాడికి నెల తిరిగేసరికి భుజం నొప్పి ఖాయం.

బీటెక్‌కి గ్రాఫిక్స్ కార్డు అవసరమా అని బాబాయి సూటిగానే అడిగాడు. మొదటి ఏడాదికి అక్కర్లేదు. చాలా కాలేజీల ల్యాబుల్లో ఇప్పటికీ ఆ నీలం తెర టర్బో సీ మీదే ప్రోగ్రాములు రాయిస్తున్నారు, దానికి మా తాతగారి కాలిక్యులేటర్ చాలు. మూడో ఏడాదిలో మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులు మొదలైతే ఎన్విడియా కార్డు పనికొస్తుంది, ఎందుకంటే ఆ లైబ్రరీల్లో చాలావరకు 'కూడా' (CUDA) అనే ఎన్విడియా సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. అదైనా గూగుల్ కంప్యూటర్ల మీద ప్రోగ్రాములు నడిపించే కోలాబ్‌లో ఉచితంగా కొంత నెట్టుకురావచ్చు. మెకానికల్, సివిల్ వాళ్ల లెక్క వేరు. సాలిడ్‌వర్క్స్, కాటియా లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లకి విండోస్, ఒక మోస్తరు గ్రాఫిక్స్ రెండూ కావాలి. ఈసీఈలో సర్క్యూట్ల డిజైన్‌కి వివాడో అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు కూడా మామూలు ఇంటెల్, ఏఎండీ చిప్‌లకే కట్టుబడాలి.

నా మనసు లాగిన దారి: మ్యాక్‌బుక్ ఎయిర్

2025 మార్చిలో యాపిల్ తెచ్చిన ఎం4 చిప్ ఎయిర్ మన దగ్గర 99,900కి మొదలైంది. 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్, 1.24 కిలోల బరువు. అప్పట్లో విద్యార్థులకి 89,900. బ్యాటరీ గురించి కంపెనీలు చెప్పే గంటల్ని నేను సగానికి కోసి వింటాను. యాపిల్ విషయంలో అంత కోయక్కర్లేదు. మా ఆఫీసులో ఒకమ్మాయి ఛార్జర్ ఇంట్లోనే వదిలేసి వస్తుంది. మిగతావాళ్లం గోడకి కట్టేసిన గేదెల్లా ప్లగ్ దగ్గర కూర్చుంటాం.

లోపల ఫ్యాన్ లేదు. అందుకే చప్పుడుండదు. అయితే మే నెలలో ఏసీ లేని గదిలో గంటసేపు వీడియో రెండర్ పెడితే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇక 256 జీబీ విషయానికొస్తే ఈ రోజుల్లో అది ఫోన్ సైజు. 512 కావాలంటే అప్పట్లో 1,19,900. అదనపు 256 జీబీకి అక్షరాలా ఇరవై వేలు! విండోస్ ల్యాప్‌టాప్‌లో అంత డబ్బు పెడితే అంతకు ఎన్నో రెట్లు పెద్ద స్టోరేజ్ (ఎస్‌ఎస్‌డీ) వచ్చేది. ర్యామ్ గానీ స్టోరేజ్ గానీ తర్వాత పెంచుకునే వీల్లేదు. కొన్నరోజు ఏముందో చివరిదాకా అదే.

సాఫ్ట్‌వేర్ ప్రశ్న దగ్గరే నా ఆశకి గండిపడింది. తెలుగు టైపింగ్‌కి మ్యాక్‌లో ఏ ఇబ్బందీ లేదు, కీబోర్డూ అక్షరాలూ దాంతోనే వస్తాయి, చూడ్డానికి ముచ్చటగా కూడా ఉంటాయి. కానీ మా నాన్నగారి సాహితీ మిత్రుల సంఘం వాళ్ల కరపత్రాలు, ఆహ్వానాలు అన్నీ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైళ్లు. నెలకి రెండుసార్లు "ఇందులో తేదీ ఒక్కటి మార్చి పెట్టరా" అని వస్తాయి. ఆ పని విండోస్‌లోనే అవుతుంది. ట్యాలీ వాడేవాళ్లకీ ఇదే మాట. ఇలాంటి చిన్న బంధాలేవీ లేనివాళ్లు, కోడింగో రాతపనో వీడియో ఎడిటింగో చేసుకునేవాళ్లు, లక్ష పెట్టగలిగితే కళ్లు మూసుకుని ఎయిర్ తీసుకోవచ్చు.

మధ్యే మార్గం: సన్నటి విండోస్

నేను వెతికేటప్పుడు ఇక్కడ మూడు చిప్‌లు పోటీ. 2024లో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ, ఏఎండీ రైజెన్ ఏఐ 300, క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్.

స్నాప్‌డ్రాగన్ చూడగానే ముచ్చటేస్తుంది. నేను చూసినప్పుడు 65 వేల చుట్టూ ధర, రోజంతా బ్యాటరీ, వేడి తక్కువ. బ్రౌజరు, ఆఫీసు, సినిమాలు వరకే అయితే దీన్ని మించింది ఆ ధరలో కష్టం. కానీ అది ఫోన్లలో ఉండే ఆర్మ్ జాతి. మామూలు ప్రోగ్రాములు అనువాదం మీద నడిచిపోతాయి. డ్రైవర్లు, అంటే ప్రింటర్ లాంటివాటిని నడిపే చిన్న ప్రోగ్రాములు, మాత్రం ఆర్మ్ కోసం విడిగా రాసి ఉండాలి. మా కాలనీలో రిటర్నులు వేసే ఒకాయన దీన్ని కొనబోతుంటే ఆపాను. ఆయన పనంతా డిజిటల్ సంతకం టోకెన్ మీద, పదేళ్ల నాటి ప్రింటర్ మీద. వాటి డ్రైవర్లు పనిచేస్తాయో లేదో చేతికొచ్చాక చూసుకుందాం అనుకునే వ్యాపారం కాదు ఆయనది.

ఇంటెల్ 200వీ వరసలో బ్యాటరీ దాదాపు మ్యాక్ దాకా వస్తుంది, పాత సాఫ్ట్‌వేర్లతో పేచీ లేదు. ర్యామ్ చిప్‌తోపాటే అతికించి వస్తుంది కాబట్టి పేరులోనే ర్యామ్ చదువుకోవచ్చు. 226వీ, 256వీ అయితే 16 జీబీ. 228వీ, 258వీ అయితే 32 జీబీ. పెంచుకోవడం కుదరదు, అందుకే ముందే గట్టిగా తీసుకోవాలి. ఒకేసారి చాలా కోర్లు అడిగే పనుల్లో, అంటే పెద్ద ప్రాజెక్టు కంపైల్ చేయడం లాంటివాటిలో, రైజెన్ ఏఐ 300 దీన్ని దాటిపోతుంది. బ్యాటరీ కొంచెం తక్కువ ఇస్తుంది.

వీటన్నిటి పెట్టెల మీదా కోపైలట్ ప్లస్ అని పెద్దగా రాసి ఉంటుంది. సెకనుకి 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ఏఐ భాగం, 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్ ఉంటేనే మైక్రోసాఫ్ట్ ఆ ముద్ర వేయనిస్తుంది. దానికోసం నేనైతే రూపాయి ఎక్కువ ఇవ్వను. దానివల్ల జరిగిన మేలల్లా కంపెనీలు 8 జీబీ మోడళ్లు తగ్గించడం.

ఎవరూ చెప్పని దారి: పాత థింక్‌ప్యాడ్

తమ్ముడి బడ్జెట్ పాతిక వేలే అయ్యుంటే వాణ్ణి నేరుగా సికింద్రాబాద్ సీటీసీకి తీసుకెళ్లేవాణ్ణి. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంపెనీలు వదిలేసిన లెనోవో థింక్‌ప్యాడ్‌లు, డెల్ లాటిట్యూడ్‌లు, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లు గుట్టలుగా ఉంటాయి. కీబోర్డు మీద చెయ్యి వేస్తే వదలబుద్ధి కాదు.

అక్కడ ఒక గీత గుర్తుపెట్టుకోవాలి. థింక్‌ప్యాడ్ టీ470, టీ480 చూడ్డానికి కవలలు, ధరలో తేడా కొద్ది వేలే. కానీ టీ480లో మామూలుగా 8వ తరం ఇంటెల్ ఉంటుంది, విండోస్ 11కి అధికారికంగా అర్హత అక్కడినుంచే మొదలు. టీ470 గీతకి అవతల పడింది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు టీ470 కొనడమంటే విండోస్ బదులు లినక్స్ నేర్చుకుంటానని ఒప్పుకోవడమే. టీ480కి రెండు ర్యామ్ స్లాట్లు, వెనక ఊడదీసి మార్చుకునే బ్యాటరీ కూడా ఉన్నాయి.

షాపులోనే విండోస్ రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగిందా, దాని తాళం ఇంకా ఆ కంపెనీ చేతిలోనే ఉన్నట్టు. అక్కడే పెట్టేసి రండి. విండోస్ కన్నా ముందే తెరుచుకునే బయోస్ సెట్టింగులకి పాస్‌వర్డ్ ఉందేమో కూడా చూడండి. బ్యాటరీ రిపోర్ట్ తీయమని అడిగితే కొత్తగా ఉన్నప్పటి కెపాసిటీ, ఇప్పటి కెపాసిటీ రెండూ కనిపిస్తాయి. సగానికి పడిపోయి ఉంటే బ్యాటరీ ఖర్చు బేరంలో తగ్గించమనండి.

స్క్రీన్ దగ్గర నేను మొండివాణ్ణి

ప్రాసెసర్ గురించి ఇంత రాశాను గానీ రోజంతా మనం చూసేది స్క్రీన్‌నే. పెన్‌డ్రైవ్‌లో అక్క పెళ్లి ఫొటోలు వేసుకుని షాపుకెళ్లాను. 70 వేల ల్యాప్‌టాప్‌లు రెండు పక్కపక్కన పెట్టించి ఒకే ఫొటో తెరిచాను. ఒకదాంట్లో అక్క పట్టుచీర కుంకుమ రంగులో మెరుస్తోంది. ఇంకోదాంట్లో అదే చీర తడిసిన ఇటుకలా ఉంది. ఆ రెండోదే ఖరీదెక్కువ, దాంట్లో ఐ7 కూడా ఉంది. కాగితం మీద చూస్తే అసలు సంగతి అక్కడే రాసి ఉంది: 45 శాతం ఎన్‌టీఎస్‌సీ. స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత అది. మంచి స్క్రీన్లకి ఎస్‌ఆర్‌జీబీ అనే ఇంకో కొలతలో 100 శాతం అని రాస్తారు. ఈ 45ని ఆ లెక్కలోకి మారిస్తే 60 చిల్లర, అంతే. గేమింగ్ మోడళ్లలో తక్కువ రకాల్లో ఈ పిసినారితనం ఎక్కువ. బ్రైట్‌నెస్ 300 నిట్స్‌కి తగ్గితే కిటికీ పక్కన కూర్చుని పనిచేయలేరు. షాపులో డెమో వీడియో ఆపించి, తెల్లటి పేజీ తెరిపించి చూడండి.

ర్యామ్ గురించి ఎక్కువ చెప్పను. 16 జీబీ కంటే తక్కువ తీసుకోవద్దు, అతికించి వచ్చేదైతే 32 గురించి ఆలోచించండి. "ఇప్పుడు 8 తీసుకో, తర్వాత వేసుకోవచ్చు" అన్న పాత సలహా కూడా చెల్లిపోయింది. 2025 చివర్లో ఏఐ డేటాసెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు ఎగబాకాయి.

ఎక్కడ కొనాలి?

"అమెరికా నుంచి మా బావమరిది వస్తున్నాడు, తెప్పించుకోనా" అన్న ప్రశ్న మన తెలుగిళ్లలో తప్పదు. 18 ఏళ్లు దాటిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. డాలర్ 88 రూపాయల దగ్గర ఉన్నప్పుడు ఎయిర్‌కి లెక్కేశాను. 999 డాలర్లు, దానిమీద అక్కడి సేల్స్ ట్యాక్స్ కలిపితే మిగిలేది నాలుగైదు వేలు. ఇక్కడ పండగ సేల్‌లో బ్యాంకు కార్డు తగ్గింపే అంతకన్నా ఎక్కువ. పైగా కొన్ని విండోస్ కంపెనీలు అక్కడి వారంటీని ఇక్కడ ఒప్పుకోవు. బావమరిదిని చాక్లెట్లే తెమ్మనండి.

తమ్ముడికి మొదటి రెండు నెలలూ ల్యాబ్‌లో నెట్టుకురమ్మని చెప్పి దసరా సేల్ దాకా ఆపాను. రోజూ ఫోన్ చేసి పోరాడు, పాపం. నో కాస్ట్ ఈఎంఐ అంటే నిజంగా ఖర్చు లేనిదనుకోకండి, ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ మన నెత్తినే పడతాయి. కొనేముందు మీ ఊరి పిన్‌కోడ్‌కి ఇంటికొచ్చి చేసే సర్వీస్ ఉందో లేదో చూడండి. జిల్లాల్లో ఉండేవాళ్లకి ప్రాసెసర్ కన్నా ఇది ముఖ్యం. పెట్టె తెరిచేటప్పుడు సీల్ కనిపించేలా వీడియో తీయండి, ఆ వారంలోనే అన్ని పోర్టులూ, కెమెరా, స్పీకర్లూ పరీక్షించేయండి. ఆన్‌లైన్‌లో చాలావాటికి డబ్బు వాపసు ఉండదు, మార్చి ఇవ్వడమే, అదీ కొద్ది రోజుల్లోపే.

చివరికి వాడికి 74 వేలలో 4050 ఉన్నదే తీసుకున్నాం. వాడుండేది హాస్టల్లో, మంచం పక్కనే ప్లగ్ ఉంది. తీసుకున్నదాంట్లో గ్రాఫిక్స్‌కి 95 వాట్లు, స్క్రీన్ 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ. బాబాయికి చదువుకే అని చెప్పాను. నాకు కార్డు తగ్గింపు పోను 98 వేలలో 258వీ ఉన్న సన్నటి విండోస్ వచ్చింది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఖమ్మం రైల్లో కూర్చుని ఇంటికి వెళ్లేదాకా ప్లగ్ వెతుక్కోకుండా పనిచేసుకుంటున్నాను. ఎయిర్ పట్టుకున్నవాళ్లు పక్క సీట్లో కూర్చుంటే మాత్రం ఇంకా అటే చూస్తాను.

పాతదానికి ఎక్స్ఛేంజ్‌లో 4,500 అన్నారు. ఇవ్వలేదు. హింజ్ విరిగినదాన్ని మూత వెనక్కి వాల్చి హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి తగిలించాను. మధ్యాహ్నం పూట అమ్మ దాంట్లో పాత సినిమాలు చూస్తోంది. నిఘంటువు మళ్లీ అరలోకి చేరింది.